మంచులో తలుపు

మాది విశాఖపట్నం. వచ్చే జనవరిలో స్నేహితులతో ఆల్ప్స్ కొండలకు స్కీయింగుకు వెళ్లాలని నెల రోజులుగా ఒకటే హడావుడి. మొన్న మే నెలలో ఆఫీసు పని మీద తడ వెళ్లి, తిరుగు రైలు కోసం తిరుపతి బస్సులో వెళ్తూ కూడా ఫోనులో దళసరి జాకెట్లే చూస్తున్నాను. కిటికీ ఊచ ముట్టుకుంటే కాలుతోంది.

పక్కసీటులో మెడలో కంపెనీ కార్డు వేసుకున్నావిడ తొంగిచూసి, "ఇంత లావు కోట్లు యాడికక్కా?" అంది.

మంచు మీద జారే ఆట గురించి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"సలి ఎంతుంటాది?"

"మైనస్ పదిహేను దాకా."

"మా కాడ పద్దెనిమిది," అంది తేలిగ్గా.

తడ పక్కనే, శ్రీ సిటీ పారిశ్రామికవాడ దగ్గర రొయ్యలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తుందట.

"కోటు లావుగా ఉంటే సాలదక్కా. సెమట పట్టనీయొద్దు. లోపలి బనీను తడిసిందంటే సలి ఎముకల్లోకి దిగతాది."

వెంటనే రాసుకున్నాను. ఆమె మళ్లీ అడిగింది.

"ఒక తూరి పోతే లోపల ఎంతసేపుంటారు?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

అప్పుడు ఆశ్చర్యపోయింది. "మేం అర్ధగంటకోసారి తలుపు తీసుకోని ఎండలోకొచ్చి నిలబడతాం. ఆడ మీకు తలుపు యాడుంటాది?"

మంచు ఎన్ని అడుగులు పడుతుందో నాకు తెలుసు. ఇది మాత్రం తెలియదు. జాకెట్లు పక్కనపెట్టి ఫోనులో మేం జారబోయే కొండ మ్యాపు తెరిచాను. ఆమె దిగాల్సిన శ్రీకాళహస్తి వచ్చేదాకా, ఇద్దరం తలలు ఆనించి ఆ తెల్లటి మ్యాపులో తలుపు వెతికాం.