ఆగని ఇంజిన్, ఆగిన పెళ్ళి

మా చెల్లెలు కరుణ పెళ్ళి జగ్గయ్యపేట చర్చిలో గంటా పది నిమిషాలు ఆగిపోయింది. అలకల వల్ల కాదు, వాన వల్ల కాదు, పెళ్ళికొడుకు మనసు మారడం వల్ల అంతకన్నా కాదు. నేను కొన్న కారు ఇంజిన్ మరీ బాగా పనిచేయడం వల్ల. ఈ ఘనకార్యం చేసిన మహానుభావుడు, అంటే నేనే, అప్పటికే నందిగామలో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాడు. ఆ పిల్లల్ని తల్చుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

పెళ్ళికి నెల ముందు ఒక సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొన్నాను. కొనే ముందు మూడు నెలలు యూట్యూబ్‌లో వీడియోలు చూశాను. పద్నాలుగు వందల సీసీ, డెబ్బై హార్స్‌పవర్, నూట అరవై న్యూటన్ మీటర్ల టార్క్. ఈ అంకెలు నాకు మా ఆవిడ పుట్టినరోజు కన్నా బాగా గుర్తుండేవి, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పాలు పోయడానికి వచ్చిన మనిషిని కూడా వదలకుండా బోనెట్ ఎత్తి టర్బో చూపించాను.

టర్బో అంటే ఏమిటో మీకూ రెండు ముక్కలు చెప్పాలి. కంగారు పడకండి, క్లాసు పీకను. ఇంజిన్ పొగ బయటికి పోయే దారిలో చిన్న చక్రం ఒకటి ఉంటుంది. ఆ పొగ వేగానికి అది నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని దండిగా తోస్తుంది. హైవే మీద తోలుకొచ్చి టక్కున ఆపేస్తే ఆ వేడికి లోపలి ఆయిల్ మాడి టర్బో పాడవుతుందట. అందుకని ఆపే ముందు రెండు మూడు నిమిషాలు ఊరికే నడవనివ్వాలి. వీడియోలో ఆయన రెండు మూడు అన్నాడు. నేను మూడు అని డైరీలో రాసుకున్నాను.

ఆ రోజు నుంచి నా కారెక్కిన ఎవరికీ చేరగానే దిగే యోగం లేదు. మా మేనమామ యేసుపాదం పెనుగంచిప్రోలులో మిరప, పత్తి వేసే రైతు. ఒకసారి ఆయన్ని కూరగాయల మార్కెట్ దాకా తీసుకెళ్ళాను.

"ఇంకా దిగొద్దా అల్లుడూ?" అన్నాడు.

"టర్బో చల్లారాలి మామయ్యా. మీ జీపుకి టర్బో లేదుగా, మీకు ఈ గొడవ తెలీదు."

"లేదులే," అన్నాడాయన నిదానంగా. ఆయన జీపు వయసులో నా కన్నా పెద్దది. దాని భాగాల్లో సగం ఏ పొలం గట్టున రాలిపోయాయో ఆయనకే తెలియదు. నేను దాన్ని చూసి నవ్వని రోజు లేదు.

పెళ్ళి రోజు పొద్దున అమ్మ నాకు ఒక స్టీలు డబ్బా ఇచ్చింది. అందులో తాళిబొట్టు, ఉంగరాలు. "జాగ్రత్త నాన్నా" అంది. జాగ్రత్తకు మారుపేరైన నేను దాన్ని డాష్‌బోర్డు అరలో పెట్టాను. అమ్మనీ, పెళ్ళికూతురినీ ఎక్కించుకుని, నందిగామ బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి, హైవే మీద నూట అరవై న్యూటన్ మీటర్లూ వాడేసి, పదిన్నర పెళ్ళికి పదీ ఇరవైకల్లా చర్చి ముందు ఆపాను. ఆపాను అంటే బండిని. ఇంజిన్‌ని కాదు.

"అన్నయ్యా, ఇవాళ కూడా కూర్చోవాలా?" అంది కరుణ.

"మీరు దిగండమ్మా. నేను కూర్చుంటా."

కూర్చునేవాడినే. ఇంతలో పెళ్ళికొడుకు తరపు పెద్దలు వందనాలు చెబుతూ ఎదురొచ్చారు. దిగకపోతే మర్యాద కాదు. ఇంజిన్ నడుస్తున్న బండిని తెరిచి వదిలేయడమూ తెలివైన పని కాదు. అందుకని నేను చాలా తెలివిగా అన్ని తలుపులకీ పడేలా లోపలి లాక్ నొక్కి, దిగి, తలుపు వేశాను. తాళం చెవి లోపలే ఉందన్న విషయం తలుపు మూసుకున్న చప్పుడుతో పాటు తెలిసింది.

మాలో తాళినీ, ఉంగరాలనీ బల్ల మీద పెట్టి పాస్టరు గారు ప్రార్థన చేశాకే పెళ్ళి తంతు. ఆయన్ని మేం అయ్యగారంటాం. పన్నెండింటికి ఆయన బయల్దేరి నందిగామలో ఇంకో పెళ్ళి చేయాలి. ఈలోగా డబ్బా బయటికి రాకపోతే కరుణకి ఆ రోజు పెళ్ళి లేదు.

"రెండో తాళం ఎక్కడుంది?" అన్నాడు మామయ్య.

"భద్రంగా ఉంది మామయ్యా."

"అదే, ఎక్కడ?"

"డాష్‌బోర్డులో. డబ్బా పక్కన."

అమ్మ అక్కడే మెట్ల మీద కూలబడింది.

షామియానా వేసినతను కట్టుతీగ తెచ్చి అద్దం సందులోకి దూర్చబోయాడు. "రబ్బరు చిరుగుద్ది" అని నేను అడ్డం పడ్డాను. మామయ్య ఇటుకరాయి తీశాడు. "ఒరిజినల్ గ్లాసు మామయ్యా" అని రెండు చేతులూ చాపి నిలబడ్డాను. చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంటే అద్దం గురించి బాధపడ్డ ఆ మనిషిని నేనే. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

"పోనీ దానంతటది ఎప్పటికి ఆగుద్ది?" అన్నాడు మామయ్య.

లెక్క అడిగితే నేను ఊరుకోను. "నలభై ఐదు లీటర్ల ట్యాంకు. ఊరికే నడిస్తే గంటకి ముప్పావు లీటరు. ఎల్లుండి రాత్రికి ఆగుద్ది."

"ఆగితే తలుపులు తెరుచుకుంటాయా బాబూ?" అని అయ్యగారు మెల్లగా అడిగారు.

లోపల పాటలవాళ్ళు ఉన్న పాటలన్నీ అయిపోయి మళ్ళీ మొదటి పాట ఎత్తుకున్నారు. పెళ్ళికొడుకు పెదనాన్న బోనెట్ మీద చెయ్యి పెట్టి, "చప్పుడు బాగుంది. మైలేజీ ఎంత ఇస్తది?" అన్నాడు. నేను ఆయనకి టార్క్ నుంచి మొదలుపెట్టి పావుగంట చెప్పాను. చెప్పి ఉండకూడదు. కానీ అడిగాడు కదండీ.

పదకొండూ నలభైకి తెల్లచీరలో కరుణ బయటికొచ్చింది. చేతిలో పూలగుత్తి అమ్మకిచ్చింది. మామయ్య చేతిలో ఇటుక తను తీసుకుంది.

"జరుగు అన్నయ్యా."

"తల్లీ, అది ఒరిజినల్ గ్లాసు."

"నేనూ ఒరిజినల్ చెల్లెల్నే. జరుగు."

జరిగాను. ఒక్క దెబ్బకి డ్రైవరు వైపు అద్దం తునాతునకలు. కరుణ లోపలికి చెయ్యి పెట్టి లాక్ తీసి, ఆ పళంగా ఇంజిన్ ఆపడానికి తాళం పట్టుకుంది. అప్పుడు, ఊరంతా చూస్తుండగా, వీడియో కెమెరా నా మొహం మీదే ఉండగా, నా నోటి నుంచి ఒక మాట వచ్చింది.

"ఆపకమ్మా. మూడు నిమిషాలు ఆగు."

గంటంబావు పైగా నిలబడి నడిచిన ఇంజిన్ అది. ఇంకేం చల్లారాలో నన్నడక్కండి. ఆ మాటతోనే మా చెల్లెలి పెళ్ళి వీడియో మొదలవుతుంది. ఎవరెంత బతిమాలినా అది తీసేయనివ్వలేదు కరుణ.

పన్నెండింటికి రెండు నిమిషాలుందనగా తాళి కట్టించారు. నా సీట్ల నిండా గాజు పెంకులు, అందుకని అయ్యగారిని నందిగామ చేర్చే భాగ్యం మామయ్య జీపుకి దక్కింది. ఎక్కి కూర్చుని మామయ్య నన్ను దగ్గరికి పిలిచాడు.

"మా జీపుకి టర్బో లేదు అల్లుడూ," అన్నాడు, పక్కనున్న ఖాళీని చేత్తో చూపిస్తూ. "తలుపులూ లేవు. ఇప్పటిదాకా దీనివల్ల ఎవరి పెళ్ళీ ఆగలేదు."

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నడుస్తున్న బండిలో తాళం వదిలి తలుపు వేయను. రెండో తాళం జగ్గయ్యపేటలో కరుణ ఇంట్లోనే ఉంటుంది. నా ఇంజిన్ గురించి ఎవరడిగినా, ఎంత ఆశగా అడిగినా, నోరు విప్పను. ఏమన్నారు, మైలేజీయా? హైవే మీదైతే ఇరవై రెండండీ. రండి, బోనెట్ ఎత్తి చూపిస్తాను.