దింపే చెయ్యి

సైన్సు ప్రదర్శనశాలలో పందొమ్మిదేళ్లుగా చందమామ మీదికి నౌకను దింపేది ఆమే. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు చందమామ టీచరు. ఏనాడూ బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు, అయినా ఆ పేరు అతుక్కుపోయింది. బూడిదరంగు పూసిన బల్ల, పైన కప్పీ, దాని మీదుగా సన్నటి తాడు, తాడు చివర నాలుగు కాళ్ల రేకు నౌక. మోటారు లేదు. అంతా చేతి పనితనమే.

“చందమామ చుట్టూ తిరిగేటప్పుడు దీని వేగం గంటకి దాదాపు ఆరువేల కిలోమీటర్లు,” అని మొదలుపెట్టేది. “అక్కడ గాలి లేదు, పారాచూట్ విప్పి దిగుదామంటే కుదరదు. కిందికి మంట వదులుతూ ఆ వేగమంతా తగ్గించుకోవాలి. నేల తాకేసరికి మీరు నడిచేంత వేగమే ఉండాలి.” కాకిగోల చేసే పిల్లలు కూడా అక్కడికొచ్చేసరికి ఊపిరి బిగబట్టేవారు.

ఏడాదిగా ఆమె కుడిచెయ్యి వణుకుతోంది. తగ్గేది కాదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆ మాట భర్తకు కూడా చెప్పలేదు. తాడు బిగించి పైకి లాగేటప్పుడు చెయ్యి బుద్ధిగానే ఉంటుంది. మెల్లగా వదలాల్సినప్పుడే మాట వినదు. మణికట్టును బల్ల అంచుకు ఆనించి ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చింది.

ఈరోజు కొత్త మేనేజరు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మోటారు పెట్టాలా, ఈమెనే ఉంచాలా తేల్చడానికే వచ్చాడని అందరికీ తెలుసు. నౌక సగం దాకా బాగానే దిగింది. జానెడు ఎత్తులో చెయ్యి అదిరి తాడు జారింది. నౌక దభీమని పడి ఒక కాలు విరిగింది. పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్ల తప్పేముంది, వాళ్లకి అదీ ఆటే.

“మళ్లీ పైకెలా వెళ్తుంది?” ఒకమ్మాయి అడిగింది.

“మళ్లీ ఆ వేగమంతా అందుకోవాలి. చందమామని పూర్తిగా వదిలి రావాలంటే గంటకి ఎనిమిదిన్నర వేల కిలోమీటర్లు కావాలి.” ఆమె గొంతు మాత్రం వణకలేదు. కుంటి నౌకను పైకి లాగింది. అది ఎంత నిలకడగా లేచిందో చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“సోమవారం నుంచి గేటు దగ్గర కూర్చోండమ్మా. దీనికి మోటారు తెప్పిస్తాం,” అన్నాడు మేనేజరు, మర్యాదగానే.

సాయంత్రం ఇంటికి రాగానే భర్త టీ పోశాడు. గ్లాసులో సగానికే. నిన్నా సగమే, నెలల తరబడి సగమే. పిసినారితనమని ఆటపట్టించింది కూడా. నిండుగా పోస్తే తొణుకుతుందనే పోయలేదని ఇప్పుడు వెలిగింది.

“ఎప్పట్నుంచి తెలుసండీ మీకు?”

“ముందు తాగు, చల్లారిపోతుంది.”

ఆమె గ్లాసు అందుకుంది. ఆ సగం టీ కూడా అంచు దాటి ఒలికింది. అతను గ్లాసు తీసుకుని ఆమె పెదాల దగ్గరికి తెచ్చాడు, మెల్లగా, ఇన్నేళ్లూ ఆమె నౌకను దించినట్టే. ఆమె నోరు తెరవలేదు. ఇక బతికినన్నాళ్లూ ఇలాగే తాగాలని అర్థమై, బావురుమంది.