చిల్లర చేరిన చిరునామా

నేను జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు కామర్సు చెప్తాను. జమ, ఖర్చు, నిల్వ అనే మూడు మాటల మీద ఇరవై ఏళ్లుగా బతుకుతున్నాను. అందుకేనేమో, లెక్కల విషయంలో ఎవరైనా నన్ను సరిదిద్దబోతే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈ గుణంతోనే నా భార్య తమ్ముణ్ణి నలుగురిలో దొంగను చేశాను. అతను దొంగ కాదని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసీ ఏం చేయలేకపోయాను.

వాళ్లది రుద్రంగి వైపు ఒక పల్లె. మామగారు కల్లు గీసేవారు. బామ్మర్ది మాత్రం మోకు పట్టలేదు, చెట్టెక్కలేదు, పదో తరగతి కాగానే విమానమెక్కి దుబాయి పోయాడు. ఎనిమిదేళ్లు అక్కడి గోదాముల్లో పనిచేసి వచ్చి, కోరుట్లలో ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఆ పనికి పనిముట్ల కంటే నమ్మకం ముఖ్యం. బీడీలు చుట్టే ఆడవాళ్లు, మొగుళ్లు గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్లు, ఫోను తెరిచే నంబరు కూడా చెప్పి అతని చేతిలో పెట్టి పోయేవాళ్లు. అందులో వాళ్ల ఫొటోలుంటాయి, బ్యాంకు మెసేజులుంటాయి, మొగుడు పంపిన మాటలుంటాయి. సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాళ్లు. ఒక్కరు కూడా ఏనాడూ అతన్ని అనుమానించలేదు.

బిట్‌కాయిన్ పిచ్చి నాకు కాలేజీ స్టాఫ్‌రూములో పట్టింది. అందరూ దాని గురించి మాట్లాడుతుంటే నేను వినేవాడిలా కూర్చోవడం నచ్చలేదు. బామ్మర్దికి దుబాయిలో గదిలో ఉన్నవాళ్ల దగ్గర ఈ సంగతులు తెలిశాయి. అడిగితే మొదట వద్దన్నాడు.

"బావా, పోయినా ఏడ్వకుంట ఉండేటన్ని పైసలే పెట్టు," అన్నాడు.

నేను ఇంట్లో చెప్పకుండా ఆరు నెలల జీతమంత పెట్టాను. ఒకేసారి కొని, నా ఫోనులో అతను ఏర్పాటు చేసిన వాలెట్‌లోకి మొత్తం పంపించాం. వాలెట్ అంటే ఫోనులో ఉండే పర్సు అనుకోండి. దానికి తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. తెర మీద కనబడినప్పుడు వాటిని ఎవరి చేత్తో వాళ్లే కాగితం మీద రాసుకోవాలట, ఎవరికీ చూపించకూడదట.

"నాకు గూడ చూపియ్యకు బావా," అని అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నేను కళ్లజోడు తెచ్చుకోలేదు. "ఏం కాదు, నువ్వే రాయి," అన్నాను. "గిది మంచిది కాదు," అంటూనే రాశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టాడు. ఆ తర్వాత వాలెట్‌లో డబ్బు వచ్చి పడే అడ్రసు చూపించాడు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస. అతను ఒక్కో అక్షరం చదువుతుంటే దాన్ని ఎర్ర ఇంకుతో, పెద్ద పెద్ద అక్షరాలతో డైరీలో ఎక్కించాను.

"బావా, గది బ్యాంకు ఖాతా నంబరు అసొంటిది కాదు. అది..." అని ఏదో చెప్పబోయాడు.

"నాకు ఖాతాలు నేర్పుతున్నవా?" అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ ఒక్క వాక్యం పూర్తిగా విని ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు.

కొన్ని నెలల తర్వాత సిరిసిల్లలో ఉన్న నా చిన్ననాటి స్నేహితుడు, సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు, తనకూ కొంచెం కావాలన్నాడు. ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి పోయాను. సాంచెల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడక, సైగలతోనే పని కానిచ్చాం. అతను తన ఫోనులో అడ్రసున్న క్యూఆర్ గళ్ల బొమ్మ చూపించాడు, నేను నా ఫోనుతో దాన్ని పట్టాను. అడ్రసులో మొదటి నాలుగక్షరాలు, చివరి నాలుగక్షరాలు సరిచూసుకుని, కొంచెమే పంపాను. చాయ్ తాగి మాట్లాడుకునేలోపు అతనికి చేరింది. నాకు భలే గర్వమనిపించింది, ఇంకొకరి సాయం లేకుండా చేశాను కదా.

అక్కడితో లేచి వస్తే బాగుండేది. కానీ వాళ్ల వాడకట్టులో ఒకాయన ఏదో దొంగ యాప్‌లో డబ్బులు పెట్టి మునిగాడట. తెర మీద లక్షలు కనబడేవి, తీయబోతే లోపల ఏమీ లేదు. అందుకని స్నేహితుడు, "యాప్‌ను నమ్మకు, అందరికీ కనపడే చిట్టాల చూడు," అన్నాడు. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. నేను డైరీ తీసి నా అడ్రసు ఒక్కో అక్షరం చదివాను, అతను కొట్టాడు.

నిల్వ సున్నా.

నా అడ్రసులో ఉన్నదంతా ఒకే దెబ్బకు బయటికి పోయింది. చిన్న ముక్క స్నేహితుడికి, మిగిలిన పెద్ద ముక్క నేనెన్నడూ చూడని ఇంకో అడ్రసుకి. పోయిన సమయం కూడా నేను బటన్ నొక్కిన సమయమే. నా యాప్ మాత్రం డబ్బు భద్రంగా ఉన్నట్టే చూపిస్తోంది. "గసొంటి యాప్‌లల్ల అంకెలు గట్లనే కనిపిస్తయి," అన్నాడు స్నేహితుడు. డబ్బు తీసుకునే అడ్రసు చూద్దామని నా వాలెట్‌లో నొక్కితే, డైరీలో రాసుకున్నది కాక వేరే ఏదో వచ్చింది. నా ఖాతా నంబరే మార్చేశారు! యాప్ పెట్టింది ఎవరు? పన్నెండు మాటలు రాసింది ఎవరు? ఇంకెవరినీ వెతకాల్సిన పని లేదనుకున్నాను.

ఇంటికి పోకుండా నేరుగా కోరుట్ల పోయాను. దుకాణంలో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగుదామన్న బుద్ధి పుట్టలేదు. "అక్క ఉప్పు తిని నా కొంపకే కన్నమేసినవా?" అని గడపలోంచే అరిచాను.

అతను చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, నేను చెప్పిందంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా, "కూసో బావా. పైసలు యాడికీ పోలే. నువ్వు పంపంగ మిగిలింది ఎన్కకు నీకే అచ్చింది. వేరే అడ్రసు మీద అచ్చింది గంతే. గది గూడ నీ వాలెట్‌దే," అన్నాడు.

"నా డైరీల లేని అడ్రసు నాదెట్లైతది? కథలు చెప్పకు. పన్నెండు మాటలు నీ చేత్తోని రాయలేదా?"

"నువ్వే రాయమన్నవ్ గద బావా."

గల్లా బల్ల మీద ఉన్న తన ఫోనును ఒకామె మెల్లగా తీసుకుని, "రేపస్త తమ్మీ," అని దిగిపోయింది. మిగిలిన ఇద్దరూ ఆమె వెనకే పోయారు. అతను వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు. నాకు ఆ క్షణంలో సంతోషమేసింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. తప్పు పట్టడం ఒక సంగతి, తప్పు పడుతూ సంతోషించడం ఇంకో సంగతి.

వారంలో విషయం వాళ్ల ఊరు చేరింది. చేర్చింది నేనే. కులపెద్దలకు బిట్‌కాయినూ తెలియదు, అడ్రసులూ తెలియవు. వాళ్లకు తెలిసిన పద్ధతి ఒకటుంది. నింద పడ్డవాడు తడిబట్టలతో పోచమ్మ ముందు ప్రమాణం చేయాలి. ఇరవై ఒక్క రోజుల గడువు. ఆలోపు అతనికీ అతని ఇంటికీ ఏ కీడూ జరగకపోతే నిర్దోషి, నింద వేసినవాడే తప్పు కింద జరిమానా కట్టాలి. ఇలాంటి మూఢనమ్మకాలు వద్దని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. పెద్దమనుషులు, "ఏమంటవు సారు?" అని అడిగితే మాత్రం సరేనని తలూపాను.

"నేను చెప్పిన మాట నమ్మవు గని, బిందెడు నీళ్లు పోసుకుంటే నమ్ముతవా బావా?" అని బామ్మర్ది అడిగాడు.

గుడి ముందున్న నల్లా దగ్గర అతను ముందు జేబులోంచి ఫోను తీసి అక్క చేతికిచ్చాడు. చొక్కా ప్యాంటుతోనే బిందె ఎత్తి నెత్తి మీద కుమ్మరించుకున్నాడు. ఎండాకాలం కూడా కాదు. వణుకుతూ గడప దగ్గర దీపం మీద చేయి పెట్టి, "బావ పైసలు నేను ముట్టుకుంటే నా చేతులు పడిపోవాలె," అన్నాడు. చేతులతో బతికేవాడు ఆ చేతుల మీదే ఒట్టేశాడు. నా భార్య తన తమ్ముడి ఫోను గుండెకు అదుముకుని నా వైపు చూసింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నాకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. నాకు అప్పుడు కూడా జాలి కలగలేదు. దేవుడికి కూడా భయపడడు చూడు అనుకున్నాను.

పదిహేడో రోజు నాకు బుద్ధి వచ్చింది. మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మేడం నేను స్టాఫ్‌రూములో రుసరుసలాడుతుంటే ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు, అదొక్కటే నా అదృష్టం.

"సార్, మీ దగ్గర ఒకే ఒక్క ఐదువందల నోటు ఉంది. ముప్పై రూపాయల కూరగాయలు కొన్నారు. ముప్పై మాత్రమే చించి ఇస్తారా?"

"నోటంతా ఇస్తాను. చిల్లర తీసుకుంటాను."

"ఇక్కడా అంతే. మీ పాత అడ్రసులో ఉన్నది ఒక నోటు. పంపేటప్పుడు అది మొత్తం బయటికి పోతుంది. చిల్లర వెనక్కి వస్తుంది. కాకపోతే వాలెట్ ఆ చిల్లరను పాత జేబులో వేయదు, కొత్త జేబు కుట్టి అందులో వేస్తుంది. మీకు డబ్బు వచ్చిన ప్రతిసారీ ఇంకో అడ్రసు చూపించేదీ అందుకే. ఒకే అడ్రసు వాడితే మీ లెక్కంతా ఊరందరూ చదువుతారు. పాతవీ కొత్తవీ అన్నీ మీవే, ఆ పన్నెండు మాటలకే తెరుచుకుంటాయి."

నమ్మబుద్ధి కాలేదు. నమ్మితే నేనేమవుతానో నాకు తెలుసు. "ఇంకోసారి మీ స్నేహితుడికి చిటికెడు పంపి చూడండి," అంది. పంపాను. చిట్టా తెరిచాం. ఆ చిటికెడు బయల్దేరింది సరిగ్గా ఆ 'దొంగ' అడ్రసు నుంచే. నా ఫోనులో, నా వేలితో నొక్కితే, దొంగ పెట్టె తెరుచుకుంది. వాలెట్ సెట్టింగుల్లోకి పోతే నా అడ్రసుల పట్టికలో అది కూడా ఉంది. సిరిసిల్లలో పంపిన రోజు నుంచీ ఉండే ఉంటుంది. నేను చూడలేదు.

ఇరవై ఏళ్లుగా చిల్లర లెక్క చెప్పేవాణ్ణి. మేడం ముందు తలెత్తలేకపోయాను. ఆమె చెప్పిందంతా బామ్మర్ది ఒక్క ముక్కలో, ముగ్గురు ఆడవాళ్ల ముందు, తన పరువు పోతుంటే కూడా గొంతు పెంచకుండా చెప్పాడు. పదో తరగతి వాడు చెప్పాడు కాబట్టి నాకు కథలా వినబడింది. ఇంతకంటే సిగ్గుచేటు నా జీవితంలో లేదు.

మధ్యాహ్నమే కోరుట్ల పోయాను. దుకాణంలో గిరాకీ లేదు, బల్ల మీద ఒక్క ఫోనూ లేదు. చేతులు పట్టుకుని తప్పైందన్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి. అతను చేతులు విడిపించుకోలేదు, ఓదార్చనూ లేదు. స్టూలు జరిపాడు.

"ఇప్పుడే ఊళ్లెకు పోదాం పా. పెద్దమనుషుల ముందట చెప్త," అన్నాను.

"వద్దు బావా. నాలుగు రోజులు ఆగు. గడువు ఎల్లిపోనీ."

"ఇంకా ఆ గడువేంది? నిజం బయటపడ్డంక పోచమ్మతోని ఏం పని?"

"నా మాట ఇను బావా, నాలుగే రోజులు."

మళ్లీ వినలేదు. అతనికి మొహమాటం అనుకున్నాను. నిజానికి ఆ బరువు నాలుగు రోజులు మోయడం నావల్ల కాలేదు. నా గుండె తేలికపడాలి, అది అతనికి చేసే మేలులా కనబడాలి. అదే సాయంత్రం ఇద్దరం బండి మీద ఊరికి పోయాం. గుడి ముందు అరుగు మీద పెద్దమనుషులున్నారు. నేను నిలబడి, పైసలు దొరికాయని, బామ్మర్ది ఏ పాపం ఎరగడని, తప్పంతా నాదని చెప్పాను. నోటు గురించి, చిల్లర గురించి, కొత్త జేబుల గురించి మేడం చెప్పినట్టే చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు.

వాళ్లలో పెద్దాయన తృప్తిగా గుడి వైపు దండం పెట్టాడు. "అమ్మ సత్తెం గల్లది. గడువు దగ్గరికచ్చే వరకు పైసలు ఎన్కకు అచ్చినయి."

"అది కాదు. పైసలు అసలు పోనే లేదు."

"మంచిదే సారు," అంది పక్కనున్న ముసలమ్మ. "ఇంటి అల్లునివి. తప్పు నీ మీదేసుకొని పోరన్ని కాపాడుకున్నవ్. గట్లనే ఉండాలె." తర్వాత బామ్మర్ది వైపు తిరిగి ప్రేమగా, "అయ్యిందేదో అయ్యింది కొడుకా. ఇగ బుద్ధిగుండు," అంది.

నాకు అప్పుడు అర్థమైంది, అతను నాలుగు రోజులు ఎందుకు అడిగాడో. ఆ గడువు తీరి ఉంటే పోచమ్మే అతన్ని నిర్దోషి అని తేల్చేది, ఊరు నమ్మేది. ఇప్పుడు వాళ్ల లెక్కలో అతను తీశాడు, భయపడ్డాడు, తిరిగి పెట్టాడు. నేను గొంతు పెంచాను. ఫోను తీసి పట్టిక చూపించాను, ఒట్టేశాను. ఎంత గట్టిగా చెప్తే అంత మెచ్చుకోలుగా తలలూపారు.

బామ్మర్ది వచ్చి నా మోచేయి పట్టుకున్నాడు. కోపం లేదు అతని గొంతులో, అదే నేను తట్టుకోలేకపోయాను.

"ఇగ చాలు బావా. నువ్వు చెప్పినకొద్ది నేను దొంగనైతున్న."