బిందెలో నది నీళ్లు

ఎనభైల్లో ఒకసారి మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు బస్సులో, నా పక్కన ఒక ముసలమ్మ చిన్న బిందెతో నది నీళ్లు పట్టుకుని కూర్చుంది.

"మా ముసలాయనకు పండ్లు లేవప్పా. మా బోరు ఉప్పునీళ్లల్లో పప్పు మెత్తగ ఉడకదు, అందుకే ఈ నీళ్లు," అంది.

భూమి లోపలి ఉప్పునీళ్లు రాయిని ఎలా అంటుకుంటాయో కంప్యూటర్లో లెక్క కట్టడమే నా పని అని చెప్పాను.

"అట్లయితే మా బోరులో ఉప్పు ఎప్పుడు పోతాదప్పా?"

"తెలీదమ్మా. నా లెక్కలో ఉండేవి కొన్ని నీటి అణువులే, ఒక్క చుక్క కూడా కావు."

ఇంతలో వెనకసీటాయన అది తీర్థమనుకుని చెయ్యి చాపాడు. ఆమె పోసింది. ఇక బస్సంతా చేతులే. కొందరు చెంబులే తీశారు.

"తీర్థం కాదని చెప్పమ్మా," అన్నాను.

"దేవుని పేరు సెప్పి అడిగితే లేదని యెట్లంటాను?"

చివరికి బిందె నావైపు వంచింది. "ఈడ ఒక చుక్క మిగిలిందప్పా. నీ లెక్కకైనా పనికొస్తాదేమో."

నేనూ చెయ్యి పట్టాను.