తోమిన నాణెం

నాణేల తాతయ్య ఏ నాణేన్నైనా అంచులు పట్టుకునే ఎత్తుతాడు, పసిపిల్లను ఎత్తినంత భద్రంగా. కిటికీ పక్కన నల్లగుడ్డ మీద పెట్టి, ఊపిరి బిగబట్టి ఫోటో తీస్తాడు. నాణెం ఎంత బాగుందో చూసి ఫోన్‌లోని ఏఐ డెబ్బైకి ఎన్ని మార్కులేస్తుందోనని పరీక్ష రాసినవాడిలా కాళ్లూపుతూ కూర్చుంటాడు. వయసుతో పట్టిన మకిలే నాణేనికి అందమనీ, తోమితే విలువ పోతుందనీ ఆయనకు తెలుసు. ఆయన భార్యకు తెలియదు. ఇరవై మార్కులొచ్చిన రాగి నాణేన్ని చూసి జాలిపడి, గిన్నెల పొడితో తళతళా తోమిపెట్టింది. తాతయ్య ఉసూరుమంటూ మళ్లీ ఫోటో తీశాడు. ఫోన్ మాత్రం దాన్ని కొత్తదనుకుని అరవై ఎనిమిది వేసింది.

"చూశారా, ఇన్నాళ్లూ మురికే మీ కొంప ముంచింది," అందావిడ.

వెలిగిపోతున్న ఆ ముఖం చూశాక ఆయనకు నిజం చెప్పబుద్ధి కాలేదు. "నీ చెయ్యి పడిందంటే మాటలా మరి," అన్నాడు.

"అయితే ఆ నాణేల పెట్టె తియ్యండి, పనిలో పని మిగతావీ తోమేస్తా."

"తాళంచెవి ఎక్కడ పెట్టానో ఏమో," అన్నాడు తాతయ్య, దాన్ని గుప్పిట్లో బిగించుకుంటూ.