అధిక జ్యేష్ఠంలో ఆకుమడి

బర్మా బియ్యం రావడం ఆగిపోయిన ఆ ఏడు జ్యేష్ఠమాసం రెండుసార్లు వచ్చింది. పన్నెండు చాంద్రమాసాలు కలిపినా సౌరసంవత్సరానికి సుమారు పదకొండు రోజులు తక్కువ పడతాయి. ఆ లోటు పూడ్చడానికి రెండు మూడేళ్లకొక అధికమాసం చేరుస్తారు. అది లెక్కలో సవరింపు మాత్రమే. అనకాపల్లిలో మా పెదనాన్నగారు మాత్రం దానిని సూర్యచంద్రులు కూడబలుక్కుని చేసిన అపచారంగా భావించేవారు. ఆ నెలలో ఆయన ఏ పనీ ఆరంభించరు. తక్కిన నెలల్లో ఏపాటి ఆరంభించేవారో రాయడం మర్యాద కాదు. వర్జ్యం దాటనిదే రైలెక్కరు; రైలు వర్జ్యం చూసుకోకుండా వెళ్లిపోయేది.

రెండోదైన నిజ జ్యేష్ఠంలో ఏరువాక పున్నమి వచ్చేదాకా గింజ ముట్టవద్దని మా పొలం వాటాకు చేసే పాలికాపు రైతును ఆయన శాసించారు. పున్నమికి ఇంకా మూడు వారాలుండగా మృగశిర కార్తె వాన పడింది. రైతు నారు కోసం ఆకుమడి చల్లేశాడు. సంగతి తెలిసి పెదనాన్నగారు నన్ను వెంటబెట్టుకుని కొండకర్ల దారిలోని పొలానికి వెళ్లారు. మడి పచ్చగా మొలిచి ఉంది.

"ఏటిరా ఇది? వద్దన్నానా లేదా?"

"అన్నారండి బాబూ. వాన మీ మాట ఇన్లేదు."

"అధికమాసపు గింజ ఇంటికి అరిష్టం. రేపు దున్నేయి."

రైతు ఇంట్లో ఉన్న విత్తనమంతా ఆ మడిలోనే పోశాడు. అది దున్నితే ఊడ్చడానికి నారు లేదు, అతని పిల్లలకు ఏడాది తిండి లేదు.

"సూర్యుడు మృగశిరలో ఉండే రోజులే ఆ కార్తె, పెదనాన్నా. అధికమాసం వచ్చినా అది కదలదు. మీ పంచాంగంలోనే ఉంది," అన్నాను.

ఆయన చంకలోని పంచాంగం తీసి, వెతికి, చాలాసేపు చూశారు.

"ఇది రైతుల పేజీ. మనకి వర్తించదు."

"మరి సల్లింది నానే గదండి బాబూ," అన్నాడు రైతు. "నాను రైతునే."

పెదనాన్నగారు పంచాంగం మూశారు.

"సరే. పాపం నీది. పంటలో వాటా నాది."

"అలాగేనండి. పాపం ఎంత పండితే అంతా నానే కోసుకుంటాను. మీ ఇంటికి బస్తా కూడా తేను."

పున్నమినాడు పెదనాన్నగారు పట్టుపంచె కట్టి, ఏమీ పండని బీడులో నాగలి పట్టి ఏరువాక సాగించారు. అప్పటికి పక్క మడిలో నారు జానెడు లేచింది. ఆయన దానికి వీపు తిప్పి నిలబడ్డారు.