కందిరీగకి దారి తప్పించిన రోజు

మా చిన్నప్పుడు... రావులపాలెంలో మా ఇంట్లో, పిన్ని కుట్టు మిషను చెక్క కింద, ఒక కందిరీగ మట్టి గూడు కట్టడం మొదలుపెట్టింది. ఉసిరికాయంత గూడు...

కందిరీగ గూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని మావైపు నమ్మకం. బాబాయికీ పిన్నికీ పెళ్లయి ఏడేళ్లు... పిల్లల్లేరు. "ఇంక భయం లేదే అమ్మాయ్, ఆ మిషను ముట్టుకోకు" అంది నానమ్మ. పిన్ని ఆ రోజు నుంచే జాకెట్లు కుట్టడం ఆపేసింది. గుడ్డలిచ్చినవాళ్లు గొణుక్కుంటూ వెళ్లేవారు.

ఇక నా నిర్వాకం వినండి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కందిరీగ మట్టి ఉండ పట్టుకుని కిటికీలోంచి వచ్చి, గదంతా దాటి ఆ మూలకి వెళ్తుంటే జాలేసింది. పాపం, ఎంత దూరమో అని! అది బయటికెళ్లగానే కిందామీదా పడి మిషను లాగి కిటికీ పక్కన పెట్టేశాను. పుణ్యం కట్టుకున్నట్టు తెగ మురిసిపోయాను.

కందిరీగ వచ్చింది. పక్కనే ఉన్న గూడుని చూడనైనా చూడకుండా తిన్నగా ఆ ఖాళీ మూలకే పోయింది. అక్కడే గాలిలో తిరగడం... తిరగడం... మట్టి ఉండ జారి నేల మీద పడింది.

పిన్ని చూసింది. "ఎంత పని చేశావే!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నాకు రెండు తగిలించినా బాగుండేది.

నానమ్మ తిట్లు అందుకునేలోపే కళ్లు తుడుచుకుని లేచింది పిన్ని. "అది గూడు వదిలి ఊరికే పోదే. వెనక్కి తిరిగి, గూడుకేసే చూస్తూ అటూ ఇటూ ఊగుతుంది. చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో గుర్తుపెట్టుకుని మరీ వెళ్తుంది. రోజూ చూస్తున్నాగా! పట్టు, మళ్లీ అక్కడే పెడదాం."

ఇద్దరం మిషనుని పాత చోటికి చేర్చాం. కందిరీగ వచ్చింది, తిరిగింది... వాలలేదు.

"ఇంకేం తీశావే?"

మిషను పక్కనుండే నీలం ప్లాస్టిక్ స్టూలు! అడ్డమొస్తోందని వసారాలో పడేశాను. పరిగెత్తి తెచ్చాను. పిన్ని దాన్ని వేలెడు ఇటు, వేలెడు అటు జరిపి చూసింది.

రెండు చుట్లు తిరిగి... వాలింది! పిన్ని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆవిడ గాజులు నాకు గుచ్చుకున్నాయి.

ఆ ఏడాది పిన్నికి కడుపు పండలేదండి, అబద్ధమెందుకు చెప్పాలి. గూట్లో పిల్లలు మాత్రం మట్టికి చిల్లు పెట్టుకుని ఎగిరిపోయాయి. ఇంకో రెండేళ్లకి గానీ తమ్ముడు పుట్టలేదు. వాణ్ణి ఒళ్లో వేసుకుని నన్ను చూసి నవ్వేది పిన్ని... "నీ పుణ్యమా అని వీడూ ఇన్నాళ్లూ ఆ ఖాళీ మూలలోనే తిరిగుంటాడే!"

ఇప్పుడు మా ఇళ్లన్నిటికీ దోమల మెష్‌లే. కందిరీగ సంగతి దేవుడెరుగు, గాలి దూరడమే గగనం. తమ్ముడికీ పెళ్లయి నాలుగేళ్లయింది. నిన్న వాడి భార్య ఫోన్ చేసి, అవీ ఇవీ మాట్లాడి, చివర్లో నెమ్మదిగా చెప్పింది... "వదినా, మా వంటింటి కిటికీకి మెష్ తీయించేశానండి."

మీ ఇళ్లలోకి కందిరీగలు ఇంకా వస్తున్నాయా? గూడు కట్టాక ఎవరైనా పుట్టారా? రాయండి... ఆ అమ్మాయికి చదివి వినిపిస్తాను.